పొద్దున మింగిన గోలీ, సాయంత్రం వచ్చిన రిపోర్టు

షోలాపూర్ నగర తూర్పు భాగంలో తెల్లవారకముందే సాంచాల చప్పుడు మొదలవుతుంది. సాఖర్ పేట, భద్రావతి పేట, అశోక్ చౌక్, దత్త నగర్, నీలం నగర్ వీథులలో తెలంగాణ పల్లెల నుంచి తరలివచ్చిన నేత కుటుంబాలు తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. పురుషులు చద్దర్లు, తువ్వాళ్లు నేసే కార్ఖానాలలోను, స్త్రీలు గడప వద్ద చాట ముందు పెట్టుకొని బీడీలు చుట్టడంలోను పొద్దంతా గడుపుతారు. ఇటీవలి సంవత్సరాలలో ఈ వీథులకు మరొక దృశ్యం అలవాటయింది. ఉదయాన్నే పరగడుపున రక్తం ఇవ్వడానికి వరుసలో నిలిచిన స్త్రీలు, సాయంత్రానికి చేతిలో మూడు నాలుగు పేజీల ఆంగ్ల రిపోర్టు. 2025 సెప్టెంబరు 17 నుంచి అక్టోబరు 2 వరకు దేశవ్యాప్తంగా జరిగిన ‘స్వస్థ్ నారీ, సశక్త్ పరివార్’ ఆరోగ్య శిబిరాల తరువాత ఈ ఆసక్తి మరింత పెరిగింది.

ఇది ఆహ్వానించదగిన మార్పే. పరీక్ష లేని వైద్యం కంటే పరీక్షతో కూడిన వైద్యం మేలు. అయితే ఆ కాగితంపై అచ్చయిన అంకెను చదివే ముందు అడగవలసిన ఒక ప్రశ్న మన పేటలలో సాధారణంగా వినిపించడం లేదు. “అమ్మా, ఈ నాలుగు రోజులలో ఏయే గోలీలు మింగారు?” అన్నదే ఆ ప్రశ్న. ఇనుము, కాల్షియం, పొటాషియం, జింకు వంటి ఖనిజాల విషయంలో ఈ ప్రశ్నకు జవాబు తెలియకుండా రిపోర్టును అర్థం చేసుకోవడం కష్టం.

మందు వేరట, తాకత్తు గోలీ వేరట

ప్రశ్న అసలే అడగరని అనలేము. రక్తం తీసే కుర్రవాడు మరాఠీలో “మావశీ, ఔషధ్ చాలూ ఆహే కా?” అని అడుగుతాడు. పెద్దావిడ “నాహీ” అంటుంది. ఆమె అబద్ధం చెప్పడం లేదు. ఆమె దృష్టిలో ‘ఔషధం’ అంటే రోగానికి వాడేది. ఆశా కార్యకర్త ఇచ్చిన ఎర్ర గోలీ, మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న కాల్షియం గోలీ, జుట్టు రాలకుండా కోడలు తెప్పించుకున్న గోలీ, ఇవేవీ ఆమెకు మందులు కావు, ‘తాకత్తు’ గోలీలు. చట్టం సైతం ఒక విధంగా ఆమె పక్షమే వహించింది. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2016 నాటి నిబంధనల ప్రకారం ఆరోగ్య అనుబంధ ఆహారాల డబ్బాలపై ‘ఔషధ వినియోగానికి కాదు’ అని అచ్చువేయాలి. మందు కాదని డబ్బాయే చెబుతున్నప్పుడు, మందు వాడుతున్నారా అన్న ప్రశ్నకు ‘లేదు’ అన్న జవాబు రావడంలో వింత ఏముంది?

కాని రక్తానికి ఈ తేడా తెలియదు. మందుగా వచ్చినా, బలానికని వచ్చినా ఇనుము ఇనుమే.

టెంపోను చూసి గోదాము లెక్క చెప్పగలమా?

ముందుగా ఒక మౌలికమైన సంగతి గ్రహించాలి. కార్ఖానా ముందు ఆగిన టెంపోలో ఎన్ని నూలు బేళ్లు ఉన్నాయో చూసి, లోపల గోదాములో ఎంత సరుకు ఉందో చెప్పలేము. శరీరంలో ఖనిజాలకు రక్తం టెంపో వంటిది; గోదాములు వేరే ఉన్నాయి. శరీరంలోని కాల్షియంలో 99 శాతం ఎముకలు, దంతాలలోనే ఉంటుంది. పొటాషియంలో దాదాపు 98 శాతం కణాల లోపల ఉంటుంది. మెగ్నీషియంలో రక్తద్రవంలో కనిపించేది ఒక శాతం కంటే తక్కువ. ఇనుము నిల్వలు ప్రధానంగా కాలేయం, ప్లీహం, ఎముక మూలుగలలో ఉంటాయి.

కనుక రక్తంలో కాల్షియం సరిగా ఉందన్నంత మాత్రాన ఎముకలు గట్టిగా ఉన్నాయని అర్థం కాదు. ఆహారంలో కాల్షియం తగ్గితే పారాథైరాయిడ్ గ్రంథులు ఎముకల నుంచి తోడి మరీ రక్తంలోని మట్టాన్ని నిలబెడతాయి. అదే విధంగా, అప్పుడే మింగిన గోలీలోని సరుకు టెంపోలోకి ఎక్కినంత మాత్రాన గోదాము నిండినట్టు కాదు.

ఇనుము: అన్నిటికంటె ఎక్కువ పొరబాటు

మన స్త్రీలకు అధికంగా సంబంధించినది ఇదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. చాట ముందు కూర్చొని గంట గంటకూ చాయ్ తాగే బీడీ కార్మికురాలి సంగతి ప్రత్యేకంగా చెప్పనవసరం లేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో వెలువరించిన ఆహార మార్గదర్శకాలు, భోజనానికి ముందు, తరువాత కనీసం ఒక గంటపాటు చాయ్, కాఫీ తాగవద్దని సూచించాయి. వాటిలోని టానిన్లు ఆహారంలోని ఇనుమును పట్టివేసి ఒంటికి అందనివ్వవు.

ఇక పరీక్షకు వద్దాం. ‘సీరం ఐరన్’ అనే పరీక్ష రక్తంలో ఆ క్షణాన ప్రయాణిస్తున్న ఇనుమును మాత్రమే కొలుస్తుంది. పెద్దలలో ఇది సాధారణంగా డెసిలీటరుకు 60 నుంచి 170 మైక్రోగ్రాముల మధ్య ఉంటుంది. ఐరన్ గోలీ మింగిన రెండు నుంచి నాలుగు గంటలలో ఈ అంకె గణనీయంగా పెరిగి, తరువాత దిగివస్తుంది. దానితోబాటు లెక్కకట్టే ‘ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్’ శాతమూ పెరుగుతుంది. అందుకే ఈ పరీక్షకు ముందు కనీసం 24 గంటలపాటు ఐరన్ గోలీ ఆపి, ఉదయం పూట రక్తం ఇవ్వడం మంచిదని వైద్యులు చెబుతారు.

ఈ వ్యాసకర్త ఇంటిలోనే జరిగిన ఉదంతం ఒకటి ఇక్కడ చెప్పక తప్పదు. దశాబ్దాలపాటు బీడీలు చుట్టిన మా అమ్మకు ఆయాసం వస్తుంటే డాక్టరుగారు ఐరన్ గోలీలు రాశారు. కొన్ని వారాల తరువాత పరీక్షకు వెళుతూ, క్రమం తప్పకూడదన్న శ్రద్ధతో, ఉదయం ఏడు గంటలకు గోలీ మింగి పది గంటలకు రక్తం ఇచ్చింది. రిపోర్టులో సీరం ఐరన్ అంకె పక్కన ‘ఎక్కువ’ అన్న గుర్తు పడింది. “ఐరన్ మస్తుగ ఉన్నదట, ఇంక గోలీలు ఎందుకు?” అని మానివేసింది. చదువుకున్న వాళ్లం, ఇంట్లో ఉన్న మేమూ తల ఊపాము. మూడు నెలలకు ఆయాసం ముదిరింది. రెండవ డాక్టరు అడిగిన మొదటి మాట, “ఆ రోజు గోలీ ఎన్ని గంటలకు వేసుకున్నారమ్మా?” అని. ఫెరిటిన్ పరీక్ష చేయిస్తే నిల్వ దాదాపు అడుగంటి ఉంది. మందు పనిచేస్తున్నదనడానికి ఆనవాలుగా చూడవలసిన అంకె, మందు మానడానికి కారణమయింది.

ఫెరిటిన్ గోదాము లెక్క చెప్పే పరీక్ష. ఒక్క గోలీతో అది మారదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం ఆరోగ్యవంతులైన పెద్దలలో అది లీటరుకు 15 మైక్రోగ్రాముల కంటె తగ్గితే ఇనుము కొరత ఉన్నట్టు. అయితే దీనికీ ఒక మెలిక ఉంది. జ్వరం, ఇన్‌ఫెక్షన్, కీళ్లవాపు వంటివి ఉన్నప్పుడు ఫెరిటిన్ దానంతట అదే పెరుగుతుంది. అటువంటివారిలో 70 కంటె తక్కువ ఉన్నా కొరతగానే అనుమానించాలని అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి. గర్భిణులకు నరం ద్వారా ఇనుము ఎక్కించినప్పుడు ఫెరిటిన్ కొన్ని వారాలపాటు ఎక్కువగానే కనిపిస్తుంది. కొన్ని రకాల ఐరన్ ఇంజెక్షన్ల తరువాత రక్తంలో ఫాస్ఫరస్ పడిపోవడమూ కద్దు. మధుమేహులకు మరొక హెచ్చరిక. ఇనుము కొరత మూడు నెలల చక్కెర పరీక్షను, అంటే హెచ్‌బిఎ1సి అంకెను, ఉన్నదానికంటె పెంచి చూపవచ్చు. ఐరన్ వాడకం మొదలైన తరువాత అది తగ్గితే చక్కెర అదుపులోకి వచ్చిందని తొందరపడరాదు.

కాల్షియం, డి విటమిన్: చవక గోలీ, ఖరీదైన పొరపాటు

ప్రభుత్వ కార్యక్రమం కింద గర్భిణులకు 14వ వారం నుంచి రోజుకు రెండు కాల్షియం గోలీలు, 180 రోజులపాటు రోజుకొక ఐరన్ గోలీ ఇస్తారు. ఈ రెంటినీ ఒకేసారి మింగితే కాల్షియం ఇనుమును అడ్డుకుంటుంది. రెంటి మధ్య రెండు గంటల వ్యవధి ఉండాలి. పని ఒత్తిడిలో రెండు గోలీలనూ ఒక్క గుక్క నీటితో మింగివేసే తల్లికి నెలల తరువాత కూడా హిమోగ్లోబిన్ పెరగకపోతే, గోలీలు నాసిరకమని నిందించే ముందు ఈ సంగతి విచారించాలి.

డి విటమిన్ విషయం మరింత సున్నితమైనది. పగలంతా కార్ఖానా షెడ్డులో ఎండ సోకకుండా పనిచేసేవారికి దీని కొరత రావడం సహజం. వైద్యులు సాధారణంగా 60,000 యూనిట్ల పొడినో గోలీనో వారానికి ఒకసారి చొప్పున కొన్ని వారాలు రాస్తారు. ‘వీక్లీ’ అన్న ఆంగ్లపదం చదవలేక, లేదా త్వరగా నయమవుతుందన్న ఆశతో, దానిని రోజూ వాడితే ఏమవుతుంది? ఈ విటమిన్ కొవ్వులో నిలిచిపోతుంది, మూత్రంలో సులభంగా పోదు. రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పెరిగి వాంతులు, మలబద్ధకం, అతిదాహం, మతిమరుపు, చివరకు మూత్రపిండాల దెబ్బ వరకు దారితీయవచ్చు. ఇక్కడ రిపోర్టు చూపే అంకె తప్పు కాదు, నిజమే. కాని గోలీల సంగతి చెప్పకపోతే కారణం కోసం గ్రంథుల పరీక్షలు, స్కానింగులు అంటూ కుటుంబం వేలాది రూపాయలు వృథాగా వెచ్చించవలసి వస్తుంది.

పొటాషియం, జింకు, జుట్టు గోలీలు

రక్తపోటు ఉన్నవారికి ‘తక్కువ సోడియం ఉప్పు’ మంచిదన్న ప్రచారం నేడు విస్తృతంగా ఉంది. అందులో సోడియంకు బదులు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జనవరిలో ఇటువంటి ఉప్పును సిఫారసు చేస్తూనే, మూత్రపిండాల వ్యాధిగ్రస్తులకు, గర్భిణులకు, పిల్లలకు ఆ సిఫారసు వర్తించదని స్పష్టం చేసింది. ఎనలాప్రిల్, లోసార్టాన్, టెల్మిసార్టాన్, స్పైరోనోలాక్టోన్ వంటి మందులు వాడేవారిలో పొటాషియం ముందే నిలిచిపోయే స్వభావం ఉంటుంది. దానికి ఈ ఉప్పు తోడైతే గుండె లయకే ముప్పు. ఉప్పును ఎవరూ మందుగా చెప్పుకోరు గనుక ఈ కారణం దొరకడం కష్టం.

కరోనా కాలంలో, అంటే 2020-21లో, జింకు గోలీలు ఇంటింటా ప్రవేశించాయి. కొందరు ఆ అలవాటు మానలేదు. పెద్దలకు రోజుకు 40 మిల్లీగ్రాములు జింకుకు పరిమితిగా పరిగణిస్తారు. అంతకు మించి నెలల తరబడి వాడితే శరీరంలోకి రాగి చేరడం తగ్గి, రాగి కొరత వల్ల రక్తహీనత వస్తుంది. అది ఎన్ని ఐరన్ గోలీలు మింగినా తగ్గదు. ఒక గోలీ తెచ్చిన జబ్బుకు మరొక గోలీ మింగుతూ పోవడమంటే ఇదే.

జుట్టు, గోళ్ల కోసమని అమ్మే బయోటిన్ గోలీలది వింతైన కథ. మనిషికి రోజుకు కావలసినది సుమారు 30 లేదా 40 మైక్రోగ్రాములు కాగా, ఈ గోలీలలో 5,000 నుంచి 10,000 మైక్రోగ్రాములు ఉంటాయి. అనేక ప్రయోగశాలల యంత్రాలు తమ కొలతలో బయోటిన్‌నే సాధనంగా వాడుకుంటాయి. రక్తంలో అది అధికంగా ఉంటే యంత్రమే తికమకపడుతుంది. ఫెరిటిన్ తక్కువగా, డి విటమిన్ ఎక్కువగా, థైరాయిడ్ అంకెలు తారుమారుగా రావచ్చు. శరీరంలో ఏ మార్పూ ఉండదు, కాగితం మీదే రోగం పుడుతుంది. గుండెపోటును గుర్తించే ట్రోపోనిన్ పరీక్ష ఈ కారణంగా తక్కువగా చూపిన సందర్భంలో ఒక రోగి మరణించినట్టు అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2017 నవంబరులో హెచ్చరిక జారీ చేసింది.

రక్తం తీయడంలోనూ జాగ్రత్త

అన్ని నేరాలనూ గోలీల మీదికి నెట్టడం న్యాయం కాదు. చేతికి రబ్బరు పట్టీ చాలాసేపు బిగించి ఉంచినా, పిడికిలి పదే పదే బిగించి విప్పినా పొటాషియం ఎక్కువగా కనిపిస్తుంది. ఎర్రకణాలు పగిలినా అంతే. ఊదారంగు మూత గల గొట్టంలోని రసాయనం పొరబాటున మరొక గొట్టంలోని రక్తంతో కలిస్తే పొటాషియం అమితంగా పెరిగి, కాల్షియం అడుగంటినట్టు వస్తుంది. హడావుడిగా సాగే శిబిరాలలో ఇటువంటి దోషాలకు అవకాశం మరీ ఎక్కువ.

ప్రభుత్వ సర్వేలకు సైతం ఈ పాఠం వర్తిస్తుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో వేలి నుంచి తీసిన చుక్క రక్తంతో పరీక్షిస్తే అయిదేళ్లలోపు పిల్లలలో 58.6 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఆ వెంటనే 2016-18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో నరం నుంచి రక్తం తీసి పరీక్షిస్తే ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లలలో అది 41 శాతమే. వయస్సుల విభజనలో కొంత తేడా ఉన్నప్పటికీ, రక్తం తీసే పద్ధతి అంకెను ఎంతగా ప్రభావితం చేస్తుందో నిపుణులు దీని ఆధారంగానే చర్చించారు.

ఒకే ఇంటికి నాలుగు దారులు

అసలు సమస్య ఎక్కడ ఉంది? ఒకే కుటుంబంలోకి పోషకాలు నాలుగు దారుల నుంచి వస్తుండగా, వాటి మొత్తం లెక్క ఎవరి వద్దా లేదు. ‘రక్తహీనత రహిత భారత్’ కార్యక్రమం 2018లో మొదలైన నాటి నుంచి, అయిదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు 45 మిల్లీగ్రాముల ఇనుము గల గులాబీ గోలీ, కిశోర వయస్కులకు 60 మిల్లీగ్రాముల నీలి గోలీ వారానికొకసారి చొప్పున నిర్దేశించారు. బడిలో మా చేతుల మీదుగానే అవి పిల్లలకు అందుతాయి. 2024 అక్టోబరు 9న కేంద్ర మంత్రివర్గం బలవర్ధక బియ్యం పథకాన్ని 2028 డిసెంబరు వరకు కొనసాగించడానికి ఆమోదించింది. దీనికి తోడు దుకాణం టానిక్కు, పక్కింటి సలహా.

ఇక్కడ భయాందోళనలు అనవసరం. బలవర్ధక బియ్యంలో కిలోకు 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము ఉండాలన్నది ప్రమాణం. రోజుకు 150 గ్రాముల బియ్యం తిన్నా వచ్చేది నాలుగు నుంచి ఆరు మిల్లీగ్రాములే, అంటే ఒక గోలీలో పదవ వంతు. రిపోర్టును తలకిందులు చేసేది కంచంలోని అన్నం కాదు. పరీక్ష ఉదయాన మింగిన గోలీ, ఎవరికీ చెప్పని డబ్బా. అయితే తలసీమియా వంటి వంశపారంపర్య రక్తదోషాలు ఉన్నవారి సంగతి వేరు. వారి రక్తహీనత ఇనుము కొరత వల్ల వచ్చినది కానవసరం లేదు. ఎన్నాళ్లు గోలీలు వాడినా రక్తం పెరగనివారు కారణం తేల్చుకోకుండా వాటినే కొనసాగించరాదు.

చేయవలసినది ఏమిటి?

దీనికి కోట్ల రూపాయల పథకం అక్కరలేదు. రక్తం తీసే ప్రతి కేంద్రంలోను, ప్రతి శిబిరంలోను ఒక చిన్న కాగితం మరాఠీ, తెలుగు భాషలలో ఉంటే చాలు. “మందులు వాడుతున్నారా?” అన్నది సరిపోదు. “ఐరన్, కాల్షియం, డి విటమిన్, జింకు, జుట్టు గోలీ, టానిక్కు, తక్కువ సోడియం ఉప్పు, వీటిలో ఏది వాడుతున్నారు? చివరిసారి ఎప్పుడు?” అని పేరు పేరునా అడగాలి. అక్షరం రాని తల్లికి గోలీ చూపి అడగాలి. రెండు భాషలూ వచ్చిన ఉపాధ్యాయులు, యువజన సంఘాలు, కుల సంఘాలు నిర్వహించే శిబిరాలలో ఈ పని రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు. బడి పిల్లలకు ఇనుము పరీక్షలు చేయదలచినప్పుడు గోలీ ఇచ్చే రోజునే శిబిరం పెట్టకుండా చూడడం ప్రధానోపాధ్యాయుల చేతిలోని పని.

పాఠకులకు విన్నవించేది ఇదే. పరీక్షకు వెళ్లేటప్పుడు ఇంట్లో వాడుతున్న డబ్బాలు, గోలీల పట్టీలు అన్నీ ఒక సంచిలో వేసుకొని వెళ్లండి. ఏది ఎన్ని రోజులు ఆపాలో డాక్టరును అడగండి. ఇనుము పరీక్షకు ఒక రోజు, అధిక మోతాదు బయోటిన్‌కు కనీసం రెండు రోజులు ఆపమని సాధారణంగా చెబుతారు. డాక్టరు రాసిన రక్తపోటు, చక్కెర, గుండె మందులను మాత్రం పరీక్ష పేరు చెప్పి మీకై మీరు ఆపవద్దు. గర్భిణులు ఐరన్ గోలీలు మానరాదు. ఒక్క అంకె ఎక్కువో తక్కువో వచ్చిందని గోలీ మొదలుపెట్టడం గాని, మానడం గాని చేయవద్దు.

వెయ్యి బీడీలు చుట్టి సంపాదించిన కూలిలోంచి తీసిన డబ్బు ఆ పరీక్షకు వెళుతున్నది. ఆ డబ్బుకు తగిన నిజం ఆ తల్లికి దక్కాలంటే, సూది గుచ్చే ముందు ఆమెకు అర్థమయ్యే భాషలో ఒక్క ప్రశ్న అడగాలి. ఆమె జవాబును రిపోర్టు మీద రాయాలి.